అర్థమవుతోందన్న నేరం

కుందనపురమని ఒక రాజ్యం ఉండేదిలెండి. ఏ దిక్కున ఉందని అడక్కండి, అలాంటి సభలు అన్ని దిక్కులా ఉంటాయి. దాన్ని ఏలే రాజు పేరు ఉద్దండకేసరి. మనిషి చెడ్డవాడేమీ కాదు. కానీ తనకి తెలియని సంగతి ఈ లోకంలో ఒకటుందంటే మాత్రం చచ్చినా ఒప్పుకునేవాడు కాడు.

ఒకనాడు పక్క రాజ్యం రాయబారి మాటల మధ్యలో, "మా దగ్గర వీధిబడి పంతుళ్ళకి కూడా విద్యాపీఠం వారి పట్టా ఉంటుంది ప్రభూ" అన్నాడు. అంతే, మన రాజుగారికి కడుపు మండిపోయింది. మర్నాడే దండోరా వేయించాడు. వచ్చే దసరాలోగా ప్రతి పంతులూ విద్యాపీఠంలో ఏడాది చదవాలి, ఒక గ్రంథం రాయాలి, పట్టా పుచ్చుకోవాలి. లేదంటే బడి మూసెయ్యాలి.

ఊరి చివర కుమ్మరివీధిలో ఓబళయ్య పంతులు బడి ఉండేది. ఒక తాటాకుల పాక, నేల మీద పరిచిన ఇసుక, ఆ ఇసుకలో వేళ్ళతో అక్షరాలు దిద్దే నలభైమంది పిల్లలు. అందరూ కుమ్మరి, మేదరి, చాకలి ఇళ్ళ పిల్లలే. ఏటికి అవతల మరో బడి ఉంది కానీ అక్కడ వీళ్ళని గడప తొక్కనివ్వరు. ఓబళయ్య బడి మూతపడితే వాళ్ళ చదువు అంతటితో సరి.

అందుకని, ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి, నెరిసిన జుట్టుతో మళ్ళీ విద్యార్థి అయ్యాడు. పొద్దున్న బడిలో పాఠాలు చెప్పడం, మధ్యాహ్నం ఇంత చద్దన్నం తిని రెండు కోసుల దూరం నడిచి విద్యాపీఠానికి వెళ్ళడం. అక్కడ మూతి మీద మీసం సరిగ్గా మొలవని కుర్రాళ్ళ పక్కన చాప చివర చోటు దొరికేది.

విద్యాపీఠానికి పెద్ద విశ్వపతి దీక్షితులు. ఆయన నోరు తెరిస్తే సమాసం, మూస్తే నిశ్శబ్దం. మధ్యలో మాట అంటూ ఉండేది కాదు.

మొదటివారం ఓబళయ్య తాటాకు మీద ఇలా రాసుకొచ్చాడు: "ఆకలితో వచ్చిన పిల్లవాడు అక్షరం మర్చిపోతాడు. నేను చూశాను."

దీక్షితులు ఆ ఆకుని రెండు వేళ్ళతో, చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"నేను అంటే ఎవరోయ్?"

"నేనేనయ్యా, ఓబళయ్యని."

"పరిశోధకుడికి 'నేను' ఉండదు. 'ఈ పరిశోధకునిచే అవలోకింపబడినది' అని రాయాలి. అది సరే, ఈ మాట పూర్వం ఏ ఆచార్యుడు సెలవిచ్చాడు?"

"ఎవరూ చెప్పలేదండీ. రోజూ బడిలో కళ్ళారా చూస్తున్నాను."

"పూర్వం ఎవరూ చెప్పనిది నువ్వెలా చెప్తావు?" అన్నాడు దీక్షితులు. కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు.

వినండి మరి! ఇరవై రెండేళ్ళు పిల్లల ముక్కులు తుడిచి, వేళ్ళు పట్టి దిద్దించినవాడికి పిల్లల సంగతి తెలియదట. ఒక్క పసివాడికైనా 'అ' నేర్పని ఆయనకి తెలుసునట. నాకైతే తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది. ఓబళయ్యకీ మండింది. కానీ నలభైమంది పిల్లలు కళ్ళముందు మెదిలి, పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు. ఏడాది గడిచేసరికి ఆ భాష ఆయనకి ఒంటబట్టింది. వినగానే దాని గుట్టంతా విప్పి చూడగలిగేవాడు. మాట్లాడటానికే మనసొప్పేది కాదు.

చివరికి తన గ్రంథాన్ని తనకి తోచిన తెలుగులోనే రాశాడు. ఆయన బడిలో ఒక పద్ధతి ఉంది. పాఠం విన్న ప్రతి పిల్లా, పిల్లవాడూ ఇంటికెళ్ళే ముందు దాన్ని సొంత మాటల్లో ఒప్పజెప్పాలి. ఊరికే తలాడిస్తే కుదరదు. అలా ఒప్పజెప్పినవాళ్ళకే పాఠం నిలుస్తుందని, ఏ పిల్ల ఎన్నాళ్ళకి ఏది మర్చిపోయిందో, ఏది మర్చిపోలేదో పేరుపేరునా రాశాడు. అదే గ్రంథం.

పంతుళ్ళ గ్రంథాల మీద రాజుగారి ఎదుటే తీర్పు చెప్పాలని నియమం. ఆ రోజు రానే వచ్చింది. పంతుళ్ళందరూ బయట అరుగు మీద కూర్చున్నారు. ముందుగా ఓబళయ్యని లోపలికి పిలిచారు. దీక్షితులు శాలువా సర్దుకుని లేచాడు.

"ప్రస్తుత గ్రంథ ప్రతిపాదిత విషయ ప్రతిష్ఠాపన ప్రక్రియ పూర్వాచార్య ప్రమాణ పరంపరా పరిష్వంగ రహితమగుటయేగాక, సర్వజన సులభగ్రాహ్యతా దోష దూషితమై..."

అలా అరగడియ సాగింది. మంత్రి తలాడించాడు. సేనాపతి తలాడించాడు. అందరికంటే ముందునుంచీ, అందరికంటే గట్టిగా రాజుగారు తలాడించారు.

దీక్షితులు కూర్చోగానే రాజు మీసం దువ్వి, "భేష్! మాకు సమస్తం బోధపడింది. దీక్షితులుగారు సెలవిచ్చినట్టే జరగనివ్వండి!" అన్నాడు.

ఓబళయ్య సభ చుట్టూ చూశాడు. ఆ సభలో ఆ తీర్పు అర్థమైనవాడు, చెప్పినాయన కాక, తానొక్కడే. చెప్పింది చెప్పినట్టు జరిగితే బడికి రేపే తాళం. వెంటనే సాష్టాంగపడ్డాడు.

"మహాప్రసాదం మహారాజా! నాకు పట్టా ఇమ్మన్నారు, సరే. బడికి కొత్త పాక కూడా వేయించమన్నారే, దీక్షితులుగారిది ఎంత పెద్ద మనసు!"

దీక్షితులు నోరు తెరిచేలోపే రాజు అందుకున్నాడు. "ఆఁ, అవునవును, పాక! మేమూ గమనించాం."

"నేనూ విన్నాను ప్రభూ, చాలా చక్కగా చెప్పారు" అన్నాడు మంత్రి.

సేనాపతి వెనకబడతానేమోనని కంగారుపడి, "పాకకి రెండు తలుపులుండాలని కూడా అన్నారు" అన్నాడు.

"అయ్యయ్యో! నేను పాక అననే లేదు! పట్టా ఇవ్వమని అననే లేదు!" దీక్షితులు శాలువా జారిపోయినా చూసుకోకుండా గంతేశాడు.

రాజు ముఖం ఎర్రబడింది. "ఏం పంతులూ, మాతోనే పరాచికాలా? నిండు సభలో అబద్ధమాడతావా?"

ఓబళయ్య లేచి నిలబడ్డాడు. ఏడాదిపాటు మింగిన కోపమంతా గొంతులోకి వచ్చింది.

"ఆడాను మహారాజా, అబద్ధమే ఆడాను. పట్టుకునేవాడు ఒక్కడున్నా ఆ అబద్ధం నా నోట్లోనే ఆగేది. మా బడిలో ఏడేళ్ళ పిల్లవాడు అర్థం కాకుండా తలాడిస్తే పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ చెప్తాను. ఇక్కడ ఇందరు పెద్దలు తలాడించి నలభైమంది పిల్లల బడి మూసేస్తుంటే నేను ఎవరిని కూర్చోబెట్టుకోను? శిక్ష వెయ్యండి, పడతాను. కానీ ముందు దీక్షితులుగారిని ఆ తీర్పు మామూలు మాటల్లో ఒప్పజెప్పమనండి!"

రాజు మెల్లగా దీక్షితులు వైపు తిరిగాడు. "చెప్పండి."

"ప్రభూ, అది... సర్వజన సులభ..."

"మామూలు మాటల్లో దీక్షితులుగారూ."

దీక్షితులు నుదురు తుడుచుకున్నాడు. సమాసాలన్నీ తీసేస్తే చేతిలో మిగిలింది చాలా చిన్నది. చివరికి నేల చూపులు చూస్తూ, "అంటే... ఈయన రాసింది చదివినవాళ్ళందరికీ అర్థమవుతోంది ప్రభూ. అందుకని పట్టా ఇవ్వకూడదు" అన్నాడు.

ఆ మాట బయటపడ్డాక ఆయనకే వింతగా వినిపించినట్టుంది, చటుక్కున కూర్చుండిపోయాడు.

ముందు రాజుకి పొట్ట కదిలింది. తర్వాత భుజాలు. ఆ తర్వాత సింహాసనం చేయి పట్టుకుని పగలబడి నవ్వాడు. "మేం దానికే భేష్ అన్నాం! సేనాపతీ, రెండు తలుపులటయ్యా!" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. సభంతా నవ్వింది.

ఓబళయ్య మాత్రం నవ్వలేదు.

"ఏం పంతులూ, ఇంకా కోపమేనా? నీకు పట్టా ఇచ్చాం. కొత్త పాకా ఇచ్చాం, రెండు తలుపులతో సహా!"

"రోజూ మధ్యాహ్నం పాఠం లేక, ఈ ఏడాదిలో ఆరుగురు పిల్లలు బడి మానేసి కుమ్మరి సారె దగ్గర మట్టి తొక్కుతున్నారు మహారాజా. ముందు వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి బతిమాలుకోవాలి. అప్పటిదాకా నాకు నవ్వు రాదు."

రాజు నవ్వు ఆగింది. సింహాసనం దిగివచ్చాడు. లేఖకుడు రాయబోతున్న పట్టా తానే లాక్కుని, స్వహస్తాలతో ఒక్క వరుస రాశాడు: "ఈయన పంతులు, ఈయన బడి జోలికి ఎవరూ వెళ్ళకండి." కింద ముద్ర వేసి, ఓబళయ్య చేతిలో పెట్టి, "ఇంకేమైనా కావాలా?" అని అడిగాడు.

ఓబళయ్య పట్టా కళ్ళకద్దుకుని, తలుపు వైపు చూపించాడు.

"బయట అరుగు మీద ఇంకా పదకొండుమంది పంతుళ్ళు కూర్చున్నారు మహారాజా. పాపం, వాళ్ళు రాసినవి కూడా అర్థమవుతున్నాయి."

ఈసారి రాజుగారు నవ్విన నవ్వుకి అరుగు మీద ఉన్నవాళ్ళు ఉలిక్కిపడి లేచి నిలబడ్డారట. ఆ పూట ఆయన భోజనానికి కూడా లేవకుండా అదే వరుస మరో పదకొండుసార్లు రాశాడు.