కునుకు లేని విశ్రాంతి

అనకాపల్లిలోని ఒక లారీ ఆఫీసులో త్రినాథరావు అనే గుమస్తా ఉండేవాడు, పుస్తకం శుభ్రంగా ఉంటే చాలు, అందులో రాసింది నిజమా కాదా అన్న పట్టింపు అతనికి ఉండేది కాదు.

డ్రైవర్లు ఎన్ని గంటలు పనిచేశారు, ఎన్ని గంటలు పడుకున్నారు అని రాసే పుస్తకం అతని బల్ల మీద ఉండేది. తనిఖీకి వచ్చే అధికారులు మొదట అడిగేది దాన్నే. త్రినాథరావు అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. కొట్టివేత ఒక్కటీ కనిపించేది కాదు. బండి కదిలిన గంటలను డ్యూటీ అని రాసేవాడు. ఆగిన గంటలన్నిటినీ విశ్రాంతి అని రాసేవాడు. డ్రైవరు సరుకు కోసం లైన్లో నిలబడినా, బస్తాలు లెక్కపెట్టుకున్నా, లోడు మీద పట్టా కట్టినా, ఎండలో టైరు మార్చినా అదంతా విశ్రాంతిలోకే పోయేది.

అక్కడ దాలినాయుడు అనే డ్రైవరు పనిచేసేవాడు. ఇరవై రెండేళ్లలో మేకపిల్లను కూడా గుద్దలేదని తోటివాళ్లు అతని గురించి చెప్పుకునేవారు. చుట్ట కాల్చేవాడు గానీ మందు ముట్టేవాడు కాదు. ఖాళీ దొరికినప్పుడు త్రినాథరావు దగ్గరే నాలుగు అక్షరాలు నేర్చుకున్నాడు. ఒకరోజు అతను సంతకం పెట్టడానికి వచ్చి పుస్తకంలోకి తొంగిచూశాడు.

"గుమస్తా గారూ, మొన్న పది గంటలు లైన్లో ఉన్నాను. విశ్రాంతని రాశారేంటండీ?" అన్నాడు.

"బండి నడిపావా?"

"లేదండీ. కానీ పావుగంటకోసారి ముందుకి జరపాలి కదా. కన్ను మూస్తే వెనకోడు దూరిపోతాడు."

"కూర్చునే ఉన్నావు కదయ్యా! కూర్చోవడం కూడా పనేనా?"

దాలినాయుడు నవ్వాడు. "మీరు పొద్దున్నుంచీ కుర్చీలో కూర్చునేది మాత్రం డ్యూటీయే కదండీ" అన్నాడు.

ఆఫీసులో ఉన్నవాళ్లంతా నవ్వారు. త్రినాథరావుకు ఒళ్లు మండింది. పుస్తకం మూసేశాడు గానీ రాసింది మార్చలేదు.

ఏప్రిల్ నెలలో ఒక సోమవారం తెల్లవారుజామున దాలినాయుడు లారీ తీసుకుని కాకినాడ వెళ్లాడు. మధ్యాహ్నానికి ఎరువుల గోదాము ముందు లైన్లో నిలబడ్డాడు. మర్నాడు పొద్దున పదకొండు గంటలకు గాని లోడు పూర్తికాలేదు. అప్పుడు త్రినాథరావుకు ఫోన్ చేశాడు.

"లోడయిందండీ. నాలుగు గంటలు పడుకుని బయల్దేరతాను."

త్రినాథరావు పుస్తకం చూసుకున్నాడు. అప్పటికే రాసేశాడు కూడా. "నిన్న రెండింటి నుంచి ఇప్పటిదాకా నీకు ఇరవై ఒక్క గంటలు విశ్రాంతి ఉంది. ఇంకా నిద్రేంటి?" అన్నాడు.

"కళ్లు మండిపోతున్నాయండీ. పక్కన మరో మనిషి కూడా లేడు."

"శ్రీకాకుళంలో సాయంత్రానికల్లా బస్తాలు దిగాలి. మొహం కడుక్కుని టీ తాగి బయల్దేరు. పడుకోవాలని ఉంటే బండి తాళాలు ఆఫీసులో ఇచ్చేసి, ఇంటికెళ్లి హాయిగా పడుకో."

"సరేనండీ" అన్నాడు దాలినాయుడు.

పగలు ఒంటిగంటన్నర వేళ నక్కపల్లి దాటాక రోడ్డు గుంతలు పూడ్చే కూలీలు కొందరు పని ఆపారు. అన్నాలు తిని, రోడ్డు పక్కన తాటాకుల నీడలో కూర్చున్నారు. నూకరత్నం అనే ఆవిడ క్యారేజీ కడుక్కోవడానికి లేచింది. ఎరువుల లారీ నేరుగా వాళ్ల మీదికి వచ్చేసింది. నూకరత్నం అక్కడికక్కడే చనిపోయింది. ఇద్దరికి కాళ్లు విరిగాయి. లారీ కల్వర్టు గోడను గుద్దుకుని ఆగింది. దాలినాయుడిని బయటికి తీసేసరికే ప్రాణం పోయింది. రోడ్డు మీద బ్రేకు వేసిన గుర్తు ఎక్కడా లేదు.

తాగి నడిపాడని ఊరూరా పాకిపోయింది. నూకరత్నం మనుషులు దాలినాయుడి ఇంటిమీదికి వచ్చి, దుమ్మెత్తిపోసి, శాపనార్థాలు పెట్టారు. అతని భార్య పైడితల్లి తలుపు మూసుకోకుండా గుమ్మంలోనే నిలబడి అన్నీ విన్నది.

ఎస్సై లారీ ఆఫీసుకు వచ్చి పుస్తకం తిరగేశాడు.

"ఇరవై ఒక్క గంటలు పడుకున్నవాడికి పట్టపగలు నిద్రెలా వస్తుంది? పోస్టుమార్టం రిపోర్టు రానీ, మందో నిర్లక్ష్యమో తేలుతుంది. ఇందులో రాసింది నిజమేనా?" అని అడిగాడు.

యజమాని పక్కనే నిలబడి అతన్నే చూస్తున్నాడు.

"పుస్తకంలో ఉన్నదే నిజమండీ" అన్నాడు త్రినాథరావు.

ఆరో రోజున పైడితల్లి ఆఫీసుకు వచ్చింది. ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది.

"బాబూ, ఆయన చొక్కా జేబులో ఉన్నాయని ఆస్పత్రోళ్లు ఇచ్చారు. నాకు సదువు రాదు. ఆయనకి అచ్చరం ముక్క నేర్పింది మీరేనంట. ఇవేటో సదివి సెప్పండి" అంది.

సంచిలో నాలుగు చీటీలు ఉన్నాయి. రక్తంతో ఒకదానికొకటి అంటుకుపోయాయి. త్రినాథరావు మెల్లగా విడదీశాడు. అవి గోదాము చీటీలు. తను ఏం చెప్పినా ఆమె నమ్ముతుంది. ఇంటి సరుకుల చీటీలని చెప్పినా నమ్మి వెళ్లిపోతుంది. కానీ ఆమె రెండు చేతులూ కట్టుకుని, బడిలో పిల్లలా, ఎదురుచూస్తూ నిలబడింది.

"సోమవారం మధ్యాహ్నం రెండింటికి టోకెను" అని చదివాడు. "రాత్రి పదకొండింటికి మొదటి గేటు. తెల్లవారి నాలుగింటికి లోపలి గేటు. పదిన్నరకి..." చివరి చీటీని వెలుతురుకి పట్టి చూశాడు. "పదిన్నరకి బస్తాలు లెక్క చూసుకుని, పట్టా కట్టి, కాటా వేయించాడు."

"మరి ఆయన పడుకున్నదెప్పుడు బాబూ?"

త్రినాథరావు నాలుగు చీటీలనూ బల్ల మీద వరసగా పేర్చాడు.

"పడుకుంటానని మిమ్మల్ని అడగలేదా?"

"అడిగాడమ్మా."

"మీరేటన్నారు?"

అతను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. పైడితల్లి తిట్టలేదు, ఓదార్చలేదు. అతను తల ఎత్తేదాకా నిలబడే ఉంది.

ఆ మధ్యాహ్నమే అతను పుస్తకం, చీటీలు తీసుకుని ఆమెతో పాటు పోలీసు స్టేషనుకు వెళ్లి జరిగిందంతా చెప్పాడు. తర్వాత వచ్చిన రిపోర్టులో మందు చుక్క కూడా లేదని తేలింది. దాలినాయుడి మీద పడిన నింద పోయింది. యజమాని మాత్రం ఆ రాతలు గుమస్తావే, తనకేమీ తెలియదన్నాడు. త్రినాథరావు ఉద్యోగం పోయింది, అతని మీద కేసు పెట్టారు.

జైలుకు వెళ్లేముందు అతను నూకరత్నం ఊరు వెళ్లి ఆమె తల్లి ముందు చేతులు జోడించాడు. దాలినాయుడు తాగలేదనీ, పడుకుంటానని అడిగినా తనే పడుకోనివ్వలేదనీ, తప్పు తనదనీ చెప్పాడు. ముసలామె అంతా విన్నది.

"పడుకోమన్న ఒక్క మాట ఆ మంగళవారం పొద్దున అతనికి చెప్పుంటే నా కూతురు సాయంత్రానికి ఇంటికొచ్చేది" అని లోపలికి వెళ్లిపోయింది.

త్రినాథరావు ఎండలో చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. అతన్ని ఎవరూ లోపలికి పిలవలేదు.

నీతి: మనిషిని పనికి కట్టిపడేసి ఉంచిన ప్రతి గంటా పనిగంటే, దాన్ని విశ్రాంతి అని రాస్తే కాగితం నమ్ముతుంది గానీ, అలసిన ఒళ్లు నమ్మదు.