వరహాలమ్మ పోసిన లాల

ఇటు తిరిగి పడుకో. కాళ్ళు నా మీద వేసుకో, ఫర్వాలేదు. అనగనగా, గోదారి నడిమధ్యన ఒక లంక ఊళ్ళో వరహాలమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ పనేమిటనుకున్నావు? చంటిపిల్లలకి లాల పోయడం. ఆ ఊళ్ళో ఎవరింట్లో బిడ్డ పుట్టినా ముందు ఆవిడకే కబురు వెళ్ళేది.

ఆవిడ పీటమీద కూచుని కాళ్ళు చాపేది. బిడ్డని కాళ్ళమీద వేసుకుని ఒళ్ళంతా నూనె పట్టించేది. ఆ తర్వాత శనగపిండితో నలుగు పెట్టేది. ఆ తర్వాత గోరువెచ్చని నీళ్ళు పోసేది. ఎంత గుక్కపెట్టి ఏడ్చే బిడ్డయినా ఆవిడ కాళ్ళమీదే కునుకు తీసేది. తలంటంటే పెరడంతా పరుగులు పెట్టిస్తావే నువ్వు, ఆవిడ దగ్గర నీ ఆటలు సాగేవి కావు.

అంతా బాగానే ఉంది గానీ, ఆవిడకి ఒక అలవాటుంది. లాల అయ్యాక బిడ్డ ముక్కులో ఇంత, గొంతులో ఇంత ఆముదం పోసేది. కఫమంతా పోతుందని ఆవిడ నమ్మకం. ఆవిడ అమ్మా అలాగే చేసింది, అమ్మమ్మా అలాగే చేసింది. ఊళ్ళో వాళ్ళు కూడా అది మంచిదే అనుకున్నారు.

అప్పుడు వరహాలమ్మ కూతురు రత్నకుమారి పురిటికి పుట్టింటికి వచ్చింది. మగపిల్లాడు పుట్టాడు. ఇంక ఆవిడ మురిపెం చూడాలి. ఊరి పిల్లలకి ఒక చుక్క వేసే చెయ్యి, సొంత మనవడు కదా అని ఇంకో చుక్క వేసింది.

కొన్నాళ్ళకి బాబుకి దగ్గు పట్టుకుంది. వరహాలమ్మ ఉప్పుతో దిష్టి తీసింది. తగ్గలేదు. అప్పుడు సాంబ్రాణి పొగ వేసింది. తగ్గలేదు. అప్పుడు ఇంకాస్త ఆముదం పోసింది. మర్నాటికి బాబు పాలు తాగడం మానేశాడు, డొక్కలెగరేస్తున్నాడు. డొక్కలెగరేయడమంటే, ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద లోపలికి గుంట పడటం. చంటిపిల్లలకి అలా ఉంటే ఇంక ఇంట్లో కూచోకూడదు.

"అమ్మా, పడవెక్కుదాం పద," అంది రత్నకుమారి. చెప్పులు కూడా వేసుకోలేదు పిచ్చిపిల్ల. రేవు దాటి, ఆటో ఎక్కి, పిల్లల ఆసుపత్రికి వెళ్ళిపోయారు.

అక్కడ సునంద అని ఒక డాక్టరమ్మ ఉంది. బాబుని చూడగానే ముక్కుకి సన్నటి గొట్టం పెట్టించి ఊపిరి అందేలా చేసింది. ఆ తర్వాత గుండెకీ వీపుకీ స్టెతస్కోపు ఆనించి విన్నది. ఆ తర్వాత అడిగింది. "ముక్కులో గానీ నోట్లో గానీ ఏమైనా పోశారా? ఉన్నదున్నట్టు చెప్పండి. అది తెలిస్తేనే సరిగ్గా వైద్యం చెయ్యగలను."

ఆ మాటతో వరహాలమ్మకి జరిగిందేమిటో అర్థమైపోయింది. పక్క మంచం దగ్గర వాళ్ళ ఊరివాళ్ళే నిలబడి వింటున్నారు. చెబితే రేపు ఊళ్ళో ఒక్క బిడ్డనైనా తన కాళ్ళమీద వేస్తారా? లాల పోయడం తప్ప ఆవిడకి ఇంకో లోకం లేదు. అప్పుడు ఆవిడ బాబు డొక్కలవైపు చూసింది.

"నేనేనమ్మా," అంది. "ఆముదం పోశాను. రోజూ. ముక్కులోనూ నోట్లోనూ."

నేనైతే కసిరేదాన్ని. డాక్టరమ్మ కసరలేదు, ఆవిణ్ణి స్టూలుమీద కూచోబెట్టింది. "ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోయింది పెద్దమ్మా. పసివాడు దాన్ని దగ్గి బయటికి తేలేడు. మీరు చెప్పారు కాబట్టి ఏం చెయ్యాలో నాకు తెలిసింది," అంది.

వరహాలమ్మ వార్డు గుమ్మంలో కూచుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నువ్వు దుప్పటి అలా గట్టిగా పట్టుకోకు, బాబుకేం కాలేదు. ముందు డొక్కలెగరేయడం తగ్గింది. ఆ తర్వాత కళ్ళు తెరిచాడు. ఆ తర్వాత అమ్మ దగ్గర కడుపునిండా పాలు తాగాడు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది. "లాల మానకండి పెద్దమ్మా. ఒంటికి నూనె రాయండి. ముక్కులో వద్దు, గొంతులో వద్దు, సాంబ్రాణి పొగ వద్దు. లాల పోసేటప్పుడు బిడ్డ ఒంటిమీద బట్ట ఉండదు కదా, డొక్కలు అందరికంటే ముందు మీకే కనిపిస్తాయి. ఎగరేస్తుంటే వెంటనే మా దగ్గరికి పంపించండి."

ఊళ్ళోకి రాగానే వరహాలమ్మ తనే ఇల్లిల్లూ తిరిగి జరిగింది చెప్పింది. మొదటింట్లో ముసలావిడ, "ఆముదం పొయ్యకపోతే అదేం లాలే?" అని ఎగతాళి చేసింది. రెండో ఇంట్లో పిల్లతల్లి బిడ్డని గుండెకి హత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. మూడో ఇంట్లో తలుపే తియ్యలేదు. ఆ తర్వాత ఆవిడకి ఎవరింటి నుంచీ కబురు రాలేదు. పొద్దున్నే లేచి ఎటు వెళ్ళాలో తెలియక అలా గడపలో కూచునేది పాపం.

అప్పుడు రత్నకుమారి ఏం చేసిందో తెలుసా? ఒకరోజు పొద్దున్నే పీట తెచ్చి, వీధిలో అందరికీ కనపడేలా గుమ్మం ముందు వేసింది. నీళ్ళు కాచి తెచ్చింది. తల్లిని కూచోబెట్టి, బాబుని ఆవిడ కాళ్ళమీద పడుకోబెట్టింది. దారినపోయేవాళ్ళు ఆగిపోయారు.

వరహాలమ్మ బాబుని ముట్టుకోకుండా కూతురివైపు చూసింది. "నీకు భయం లేదుటే?" అని అడిగింది.

"అక్కడ అంతమందిలో నిజం చెప్పావు కదమ్మా," అంది రత్నకుమారి. "నా కొడుకుని ఇంకెవరి చేతికిస్తాను?"

వరహాలమ్మ ముందు బాబు డొక్కలు చూసింది. గుంట పడటం లేదు, ఊపిరి హాయిగా ఆడుతోంది. ఆ తర్వాత ఒంటికి నూనె రాసింది, నలుగు పెట్టింది, నీళ్ళు పోసింది. ముక్కు జోలికీ నోటి జోలికీ పోలేదు. బాబు ఎప్పటిలాగే ఆవిడ కాళ్ళమీద కునుకు తీశాడు.

తలెత్తి చూస్తే, ఆ రెండో ఇంటి పిల్లతల్లి చంకలో బిడ్డతో నిలబడి ఉంది. గుమ్మం దగ్గరికి వచ్చింది. ఆ తర్వాత మెల్లిగా అడిగింది.

"పెద్దమ్మా, నీళ్ళు ఇంకా ఉన్నాయా?"

కథ పోయె కంచికి,
బువ్వ పోయె బొజ్జకి,
బాబు పోయె ఉయ్యాలకి,
మనం పోదాం నిద్దరకి.