ముప్పై మూడో బిరుదు

పూర్వం గుండ్లకోన అని ఒక చిన్న రాజ్యం ఉండేది. దాని రాజు తిమ్మభూపాలుడికి బిరుదుల పిచ్చి. రోజూ ఆయన పల్లకి సభ ముంగిట ఆగగానే ముప్పై రెండు బిరుదులూ చదవాలి. అంతవరకు బోయీలు పల్లకి దించకూడదు. ఒకటి తప్పితే మళ్లీ మొదటినుంచి.

చదివేది వెంగమ్మ. డెబ్బై దాటాయి. ఈమధ్య ఇరవయ్యో బిరుదు దగ్గర తడుముకుంటోంది. "ఇంకొక్కసారి తప్పితే వేరేవాళ్లను పెట్టుకుంటాను" అని రాజు నిన్ననే చెప్పాడు. ఆమెకు ఆ కొలువు తప్ప వేరే ఆధారం లేదు.

ఆ ఉదయం పల్లకి వచ్చి ఆగింది.

"అవ్వా, ఇవాళైనా ఒక్క ఊపులో కానీయ్. భుజం పుండు పడింది" అన్నాడు ముందు బోయీ పోలయ్య, మెల్లగా.

"నా చేతిలో ఉందా నాయనా" అంది వెంగమ్మ.

రాజు తెర తొలగించాడు. "వెంగమ్మా, ఇంకో బిరుదు చేరుతోంది. సబ్‌స్టెన్స్. ఇంగ్లీషు తత్త్వవేత్తల మాట. దుబాసీ గారూ, చెప్పండి."

దుబాసీ రంగయ్య భారీ మనిషి. ఆయాసపడుతూ ముందుకొచ్చాడు. "పుట్టుక లాటిన్‌లో, ప్రభూ. సబ్ అంటే కింద. స్తారే అంటే నిలబడటం. పైపై గుణాలు ఎన్ని మారినా, అన్నిటికీ కింద నిలబడి ఉండేదని భావం."

"విన్నావుగా. ఈ రాజ్యం కింద నిలబడి మోస్తున్నది నేనే."

వెంగమ్మ చేతులు జోడించింది. "ఆనవాయితీ ఒకటుంది ప్రభూ. 'గజారూఢ' బిరుదు నాడు తమరు ఏనుగెక్కారు. 'ఖడ్గధర' నాడు కత్తి దూశారు. ఇవాళ కింద నిలబడాలి. పోలయ్య పక్కకు జరుగుతాడు. లోపల దుబాసీ గారు కూర్చుంటారు. ఖాళీ పల్లకి మోస్తే బిరుదు చెల్లదు."

సభంతా చూస్తోంది. కాదనలేక రాజు దిగి, రంగయ్య ఎక్కి కూర్చున్నాక పల్లకి బొంగు కింద భుజం పెట్టాడు.

వెంగమ్మ తాపీగా మొదలుపెట్టింది. పది. పదిహేను. రాజు బొంగును ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. ఇరవయ్యో బిరుదు దగ్గర ఆమె ఆగిపోయింది.

"ఏమైంది?"

"మరిచాను ప్రభూ. తమ ఆజ్ఞ ప్రకారం మళ్లీ మొదటినుంచి."

తరువాతిది తనే అందిద్దామని రాజు నోరు తెరిచాడు. ఆయనకూ గుర్తు రాలేదు.

"ముందు దించండి" అన్నాడు. దించాక నేలమీదే చతికిలబడి, భుజం రుద్దుకుంటూ చాలాసేపు నవ్వాడు. "రేపటినుంచి పల్లకి దించాకే చదవడం. ఒక్క బిరుదు చాలు, నీకు ఏది గుర్తుంటే అది. నువ్వున్నంతకాలం కొలువు నీదే." తన శాలువా తీసి ఆమెకు కప్పాడు.

రాజు లోపలికి వెళ్లాక వెంగమ్మ శాలువా మడతపెట్టి పోలయ్య భుజం మీద వేసింది.

"భలే నటించావవ్వా" అన్నాడతను.

"నటిద్దామనే అనుకున్నాను నాయనా. తీరా అక్కడికొచ్చేసరికి నిజంగానే రాలేదు."