ఏ మాటా వద్దన్న మంగతాయి

అనగనగా ఒక వాగు. ఆ వాగొడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో బట్టలకి రంగులద్దే మంగతాయి అని ఒకావిడ ఉండేది. ఆవిడకి వెన్నెల అని ఒక్కతే కూతురు. ఆ పిల్ల నీకన్నా కాస్త పొడుగుంటుంది, అంతే.

మంగతాయి చేతులు చూస్తే నీకు నవ్వొచ్చేది. మోచేతుల దాకా నీలం. ఎంత తోమినా పోదు. సాయంత్రం పూట వాగులో బట్టలు జాడిస్తుంటే, ఆకాశమే కరిగి ఆవిడ వేళ్ళ సందుల్లోంచి కారుతోందా అనిపించేదట.

ఆవిడకి దేవుడి మీద నమ్మకం లేదు. ఏ దేవుడి మీదా లేదు. కోపమొచ్చి మానుకున్నది కాదు, ఎవర్నీ ఎగతాళి చేసేదీ కాదు. చిన్నప్పట్నించీ నమ్మకం కలగలేదు, అంతే.

కానీ ఆ ఊరి దేవుళ్ళ గుడ్డలన్నీ ఆవిడే అద్దేది. పోలేరమ్మ జాతరకి పసుపు చీర, దర్గాకి పచ్చ చాదర్, చర్చిలో బల్ల మీదికి ఊదారంగు గుడ్డ. పోలేరమ్మ చీర అద్దుతున్నన్నాళ్ళూ ఇంట్లో నీచు వండేది కాదు. చాదర్ ముట్టుకునేటప్పుడు తలమీద కొంగేసుకునేది. చర్చి గుడ్డని ఆదివారం నాడు తొట్టిలో ముంచేది కాదు.

పోలేరమ్మ గుడి చూసుకునే వీరాస్వామి ఒకసారి దెప్పాడు.

"నమ్మని దానివి, నీకెందుకే ఈ నియమాలు? చేపల పులుసు మానుకుని కూచుంటే నీకేం ఒరిగింది?"

"ఏం ఒరగలేదు మామా. చీర నీ దేవతది. పద్ధతి కూడా దాంతోపాటే మా ఇంటికొచ్చింది. చీరని లోపలికి తెచ్చుకుని పద్ధతిని గుమ్మం బయట నిలబెట్టనా?"

"మాటలు బాగా నేర్చావు."

"చీర ఎల్లుండి ఇచ్చేస్తాను. ఆ మర్నాడు పులుసు పెడతాను, వచ్చి తిట్టుకుంటూ తిను."

వీరాస్వామి వచ్చాడు. తిట్టుకుంటూనే తిన్నాడు.

ఆ తర్వాత వానాకాలం వచ్చింది. మంగతాయికి జ్వరం పట్టుకుంది. మందులు పడ్డాయి గానీ జ్వరం దిగలేదు. ఒకనాడు కూతుర్ని దగ్గరికి పిలిచింది.

"నేను పోతే నా మీద ఏ పూజా, ఏ ప్రార్థనా వద్దమ్మా. బొట్టొద్దు, తాయెత్తొద్దు. మనం బట్టలారేసే గడ్డినేల ఉందే, అక్కడ ఊరికే మట్టిలో పెట్టమను. వాళ్ళంతా మంచోళ్ళు. ప్రేమకొద్దీ చేస్తామంటారు. మంచోళ్ళకి కాదని చెప్పడమే కష్టం. చెప్పగలవా?"

వెన్నెల తల ఊపింది. ఊపింది గానీ, ఆ మాట ఎంత బరువో దానికప్పుడు తెలీదు.

తెల్లారేసరికి మంగతాయి వెళ్ళిపోయింది. ఏడుస్తున్నావా? ఏడవకు తల్లీ. ఇలా దగ్గరికి జరుగు.

అప్పుడు వీరాస్వామి వచ్చాడు. "ఏ మంత్రమూ లేకుండా మట్టిలో పెడితే దాని ప్రాణం దారి తప్పుతుందే పిల్లా," అన్నాడు.

"అమ్మ వద్దంది మామయ్యా."

ఆ తర్వాత దర్గా చూసుకునే దస్తగిరి వచ్చాడు. "రెండే రెండు మాటలు బిడ్డా. గట్టిగా కూడా కాదు, పెదాల్లోనే అనుకుంటా," అన్నాడు.

"అమ్మ వద్దంది తాతా."

ఆ తర్వాత చర్చి ఊడ్చే ఏస్తేరమ్మ వచ్చింది. ఆవిడ మంగతాయికి చిన్ననాటి స్నేహితురాలు. "దాన్ని నేను ముప్పూటలా కనిపెట్టుకుని ఉన్నాను కదే. నాకైనా ఒక్క ప్రార్థన చేసుకోనివ్వవా?" అంది.

వెన్నెలకి ఏస్తేరమ్మ మెడ పట్టుకుని "సరే అత్తా" అనెయ్యాలనిపించింది. ఊరందరిలో తనొక్కతే రాయిలా ఉన్నట్టనిపించింది. కానీ తను ఒప్పుకుంటే అమ్మ మాట మోసేవాళ్ళు ఇంకెవరూ లేరు.

"అమ్మ వద్దందత్తా," అంది.

అప్పుడు అమ్మకి స్నానం చేయించడానికి వాగు నీళ్ళు తెస్తానని బిందె పుచ్చుకుని వెళ్ళింది. తిరిగొచ్చి చూస్తే ఏముంది? అమ్మ నుదుటి మీద పోలేరమ్మ పసుపు. అమ్మ చేతికి దర్గా తాయెత్తు. అమ్మ అరచేతిలో చిన్న సిలువ.

ఒకళ్ళు బయటికెళ్ళాక ఒకళ్ళు లోపలికొచ్చి, ఒకరికి తెలీకుండా ఒకరు పెట్టేశారన్నమాట. ప్రేమతోనే పెట్టారు. కానీ దొంగతనంగా పెట్టారు.

వెన్నెలకి ఒళ్ళంతా మండింది. ఆ మూడూ తీసి వాగులోకి విసిరెయ్యాలనిపించింది. చెయ్యి చాచింది కూడా. కానీ విసరడానికి ఆ చెయ్యి అలవాటు పడలేదు.

అప్పుడేం చేసిందో తెలుసా? కొత్త తెల్లగుడ్డ తడిపి అమ్మ నుదురు మెల్లగా తుడిచింది. ఆ పసుపు గుడ్డని అరిటాకులో పెట్టింది. తల మీద ఓణీ కప్పుకుని, తాయెత్తు ముడి విప్పింది. సిలువని తీసి, తడి లేకుండా పొడిగుడ్డతో తుడిచింది. మూడూ పట్టుకుని అరుగు మీదికొచ్చింది.

"మామయ్యా, ఇది ఎవరూ తొక్కని చోట జాడించు. తాతా, ఇదిగో మీది. అత్తా, ఇది నీది. దేన్నీ కింద పెట్టలేదు," అంటూ ఎవరిది వాళ్ళకి రెండు చేతులతో అందించింది.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వూనా దస్తగిరీ?" అన్నాడు వీరాస్వామి.

"నేనొక్కణ్ణే కాదులే," అన్నాడు దస్తగిరి, కళ్ళు దించుకుని.

ఏస్తేరమ్మ కొంగులో మొహం దాచుకుంది. వీరాస్వామి అరిటాకుని గుండెకి ఆనించుకుని అన్నాడు.

"నా దేవత చీర కోసం అది ఎన్నేళ్ళు నోరు కట్టుకుందో. దాని కోసం నేను ఒక్క పూట కట్టుకోలేకపోయాను. తప్పు మాది వెన్నెలా. మీ అమ్మ ఎలా చెబితే అలాగే చేద్దాం."

అప్పుడు మంగతాయిని ఆ గడ్డినేలకి తీసుకెళ్ళారు. డప్పు లేదు, పాట లేదు. మట్టిలో పెట్టాక ఇంకేం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. మాట వద్దంటే చేతులు కూడా మూగబోయాయి. వెన్నెల వంగి పిడికెడు మన్ను తీసుకుని అమ్మ మీద వేసింది. పిడికెడు మన్ను ఎవరి పద్ధతిలోనైనా ఉన్నదే. వీరాస్వామి వేశాడు. ఏస్తేరమ్మ వేసింది. దస్తగిరి పెదాలు కదలబోయాయి. బిగబట్టుకుని, మాట లేకుండా వేశాడు. ఆ నిశ్శబ్దంలో వాగు ఒక్కటే తన పని తాను చేసుకుంటూ పోయింది.

ఆ తర్వాత ఏస్తేరమ్మ పిల్లని తనింటికి తీసుకుపోయింది. పొద్దువాలుతుంటే అడిగింది.

"ప్రార్థన వేళయింది. మీ అమ్మ పేరు తలుచుకోవాలని ఉంది. ఇది నా ఇల్లే అయినా నిన్నడుగుతున్నాను. తలుచుకోనా?"

"నీ ఇంట్లో నీ మాట నీది అత్తా. అమ్మ ఎప్పుడూ అడ్డు చెప్పలేదుగా. వీరాస్వామి మామయ్యకీ, దస్తగిరి తాతకీ కూడా కబురు పెట్టాను, తలుచుకోమని."

ఏస్తేరమ్మ లోపలికెళ్ళి సన్నగా పాట ఎత్తుకుంది. అంతలో పోలేరమ్మ గుడి గంట మోగింది. దర్గా పక్క మసీదులోంచి అజాన్ వినిపించింది. ఎర్రటి ఆకాశం కింద మూడు వైపుల నుంచీ మూడు గొంతులు వచ్చి ఆ గుమ్మం ముందు కలుసుకున్నాయి.

వెన్నెల గుమ్మంలో కూచుంది. చేతులు జోడించలేదు, కళ్ళు మూసుకోలేదు. దానికీ వాళ్ళమ్మలాగే నమ్మకం లేదు మరి. కానీ ఆ మూడూ పూర్తయ్యేదాకా ఉలకలేదు, పలకలేదు. పొద్దున వాళ్ళు తన కోసం ఊరుకున్నారు కదా, ఇప్పుడు తను వాళ్ళ కోసం ఊరుకుంది.

అన్నీ ఆగాక లేచి, "అత్తా, అన్నం పెట్టనా?" అని పిలిచింది.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకొచ్చి కంటి మీద వాలింది.
ఎవరి దీపం వాళ్ళింట్లో,
నువ్వూ నేనూ మనింట్లో.