రెండు దగ్గులంటే పులి

అనగనగా ఒక అడవిలో ఒక దగ్గు ఉండేది.

అడవిలో పులులూ ఏనుగులూ ఉంటాయి గానీ దగ్గు ఉండడమేమిటి అంటారా? అవీ ఉండేవి. కానీ అక్కడి జింకల ప్రాణాలు నిలబెట్టింది మాత్రం ఆ దగ్గే. అది లింగోజి అనే కొండముచ్చుది. లింగోజి తెల్లారగానే అడవి నడుమ ఉన్న పెద్ద తునికిచెట్టు ఎక్కి, చిటారుకొమ్మన తోక వేలాడేసుకుని కూర్చునేవాడు. దూరాన గడ్డిలో పులి కదిలితే చాలు, "ఖక్, ఖక్" అనేవాడు. కొండముచ్చు కేక అలాగే ఉంటుంది, అచ్చం దగ్గినట్టు. అది వినగానే కింద మేస్తున్న జింకలన్నీ చెంగున వాగు దాటేసేవి. పులి వచ్చి చూస్తే గడ్డి తప్ప ఏమీ ఉండేది కాదు. పులి గడ్డి తినదు కదా, పాపం. అందరినీ పేరుపేరునా తిట్టుకుంటూ వెళ్లిపోయేది.

ఏడేళ్లలో లింగోజి ఒక్కసారి కూడా ఉత్తినే దగ్గలేదు.

ఒక వేసవిలో దాలయ్య అనే నక్క కొండల అవతలి నుంచి వచ్చాడు. మెడలో సంచి, సంచి నిండా బీడీలు. వస్తూనే లింగోజికి దండం పెట్టాడు. ఇంత పెద్ద ఉద్యోగం చేసేవారు ఉత్త నోటితో కూర్చోవడమేమిటని తెగ బాధపడ్డాడు. అవతల పెద్ద పెద్ద అడవుల్లో గొప్పవాళ్లంతా గుప్పుగుప్పున పొగ వదులుతూనే ఉంటారట. మొదటి కట్ట ఉచితమట.

లింగోజి ఒకటి ముట్టించాడు. కళ్లలో నీళ్లు, ముక్కులో మంట. చెవుల్లోంచి కూడా పొగ వచ్చిందని ఉడుత అంటుంది గానీ, ఆ ఉడుత చెప్పేదాంట్లో సగమే నమ్మాలి.

"ఎలా ఉంది?" అన్నాడు దాలయ్య.

"బ్రహ్మాండం" అన్నాడు లింగోజి, రెండు చేతులా కొమ్మను వాటేసుకుని. గొప్పవాళ్లలో చేరాక బాగాలేదని ఎవరంటారు చెప్పండి?

రెండో కట్ట ఉచితం కాదు. బదులుగా దాలయ్య తునికాకులు అడిగాడు. లింగోజి తన చెట్టు ఆకులే కోసి ఇచ్చాడు. దాలయ్య ఆ ఆకుల్లోనే పొగాకు చుట్టి, మూడో కట్ట తెచ్చి, ఇంకాసిని ఆకులు పట్టుకెళ్లాడు. ఆకూ లింగోజిదే, ఊపిరీ లింగోజిదే. ఆ సంగతి లింగోజికి తట్టలేదు. అంత పొగలో ఏం కనబడుతుంది లెండి.

చలికాలం వచ్చేసరికి అసలు దగ్గు పట్టుకుంది.

మొదటిసారి లింగోజి దగ్గితే జింకలన్నీ పరుగో పరుగు. పులి లేదు, గిలి లేదు. మంచు పడుతోంది కదా, అందుకే దగ్గు వచ్చిందని సర్దిచెప్పాడు లింగోజి. రెండోసారి మళ్లీ పరుగు. ఒక ముసలి దుప్పి కొమ్ములు వెదురుపొదలో ఇరుక్కుంటే నలుగురు కలిసి లాగాల్సొచ్చింది. ఈసారి తప్పు గాలిలో దుమ్ముదట. మూడోసారి దగ్గేసరికి చుక్కాలు అనే జింక తన పిల్లకు పాలిస్తోంది. ఆ పిల్ల పుట్టి మూడు రోజులే, ఇంకా పరుగెత్తలేదు. దాన్ని గడ్డిలో దాచి చుక్కాలు వాగు దాటింది. తిరిగొచ్చేసరికి పిల్ల ఆకలికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి ఉంది. ఈసారి లింగోజికి సాకు చెప్పే తీరిక లేదు. దగ్గుతూ ఉన్నాడు మరి.

చుక్కాలు నేరుగా తునికిచెట్టు కిందికి వచ్చి నిలబడింది.

"అన్నా, ఆ బీడీ మానెయ్యి."

"బీడీకీ దగ్గుకీ ఏం సంబంధం చెల్లీ? మంచుకి వస్తోంది."

"మంచు మా మీదా పడుతోంది. మేం దగ్గడం లేదే."

అప్పుడామె వాగు దగ్గర విన్న కబురు చెప్పింది. చలికాలానికని ఉత్తరాది నుంచి తల మీద నల్లపట్టెలున్న బాతు ఒకటి వచ్చింది. దారిలో అది చూడని అడవి లేదు. ఒకప్పుడు లోకంలో పెద్దవాళ్లలో ముగ్గురిలో ఒకరు పొగ తాగేవారట. ఊపిరాడకా, గుండె ఆగీ లెక్కలేనంత మంది పోయారట. పక్కన కూర్చుని ఆ పొగ పీల్చినవాళ్లూ పోయారట. ఇప్పుడు ఒక్కో అడవే తెలివి తెచ్చుకుంటోంది. తాగేవాళ్లు ఐదుగురిలో ఒకరికి తగ్గారట. అలాంటి చోట బీడీల సంచి పట్టుకెళ్తే తరిమికొడుతున్నారట.

"అందుకే దాలయ్య మన మీద పడ్డాడు" అంది చుక్కాలు. "అక్కడ గొప్పవాళ్లంతా తాగుతుంటే, వాళ్లను వదిలి ఇంత దూరం ఎందుకొస్తాడు?"

లింగోజి బుర్ర గోక్కున్నాడు. మానాలనే అనిపించింది. కానీ పొద్దున లేస్తే చెయ్యి దానంతటదే కట్ట వైపు పోతోంది. అంతలో ఒక ఉపాయం తట్టి, ముఖం వెలిగిపోయింది.

"మానడం ఎందుకు? లెక్క పెట్టుకుందాం. రెండు దగ్గులంటే పులి. రెండు దాటితే బీడీ. బీడీ అయితే హాయిగా మేస్తూ ఉండండి."

పెద్దాయన మనసు నొప్పించడం ఎందుకని జింకలన్నీ సరే అన్నాయి. ఆ పూటంతా లింగోజి దగ్గుతుంటే కింద లెక్కలు వల్లె వేశాయి. ముసలి దుప్పి అయితే మూడు తర్వాత ఐదు అని రెండుసార్లు తన్నులు తినబోయింది. చుక్కాలు ఒక్కతే తల అడ్డంగా ఊపింది.

"అన్నా, మాకు లెక్కలు నేర్పావు. నీ దగ్గుకి ఎవరు నేర్పుతారు?"

నాలుగో నాడు మధ్యాహ్నం పులి వచ్చింది. చుక్కాలు పిల్ల పడుకున్న గడ్డి వైపే వస్తోంది. పైనుంచి లింగోజి చూశాడు. ఒళ్లంతా బిగబట్టుకుని, "ఖక్, ఖక్" అన్నాడు. సరిగ్గా రెండు. జింకలు ఒక్కసారిగా కాళ్లు ఎత్తాయి.

మూడోది దానంతటదే వచ్చింది.

ఎత్తిన కాళ్లు దిగిపోయాయి. నాలుగు, ఐదు, ఆరు. జింకలు తలలూపుతూ వరసగా లెక్కపెట్టాయి. పదకొండు దాకా వచ్చాక ముసలి దుప్పి, "ఈవేళ గట్టిగానే పట్టించాడు" అని మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది. పులికీ పిల్లకీ మధ్య ఆరడుగుల దూరం కూడా లేదు. అరుద్దామంటే లింగోజికి ఊపిరి లేదు.

ఇక లాభం లేదని, పిల్లకు దగ్గరగా ఉన్న ఎదుటి చెట్టు మీదికి దూకాడు. ఒకప్పుడైతే ఆ చెట్టును ఒక్క గెంతులో చేరేవాడు. ఇప్పుడు కాళ్లలో సత్తువ సగం దారిలోనే అయిపోయింది. ధాన్యం బస్తాలా పోయి పోయి పులి వీపు మీద పడ్డాడు.

పుట్టి బుద్ధెరిగాక ఆ పులి మీద ఎవరూ పడలేదు. హడలిపోయి గాండ్రించింది. ఆ గాండ్రింపుకు లెక్కలు అక్కర్లేకపోయింది. జింకలు వాగు వైపు పరుగు తీశాయి. చుక్కాలు ఒక్క గెంతులో పిల్లను చేరి, మూతితో నెట్టుకుంటూ పొదల్లోకి తీసుకుపోయింది. లింగోజి చెట్టెక్కబోయాడు. మాను సగంలోనే ఆయాసం వచ్చి ఆగాడు. పులి పంజా విసిరింది. లింగోజి పైకి వెళ్లాడు గానీ, సగం తోక కిందే ఉండిపోయింది.

సాయంత్రం చెట్టు దిగి చూస్తే దాలయ్య సంచి సర్దుకుంటున్నాడు.

"ఇన్నాళ్లలో నువ్వు ఒక్క బీడీ కూడా ముట్టించగా చూడలేదు. ఎందుకని?" అని అడిగాడు లింగోజి.

"నేనా? అమ్మో, నాకు దగ్గొస్తుంది" అన్నాడు దాలయ్య.

ఆ రోజుతో లింగోజి మానేశాడు. ఏమంత సులువుగా కాదు. నెల్లాళ్లు కనబడిన ప్రతి పుల్లా నమిలాడు, ఉడుతతో రోజుకు నాలుగుసార్లు పోట్లాడాడు, నిద్రలో బీడీ బీడీ అని కలవరించాడు. దగ్గు తగ్గింది. ఆయాసం కూడా చాలావరకు తగ్గింది గానీ చిటారుకొమ్మ ఎక్కేంత ఊపిరి మాత్రం తిరిగి రాలేదు. చెట్టు మీది ఉద్యోగం మేనకోడలు మంగికి ఇచ్చారు.

కొన్నాళ్లకు దాలయ్య పక్క అడవిలో ఉన్నాడని తెలిసింది. లింగోజి నేల మీద నడుచుకుంటూ, దారిలో ఆగుతూ ఆగుతూ బయల్దేరాడు. వెళ్లేసరికి దాలయ్య చుట్టూ కుర్ర కొండముచ్చులు మూగి ఉన్నాయి. అవతలి అడవిలో లింగోజిగారని ఒక గొప్పవారు, ఆయన చేతిలో బీడీ లేకుండా తాను చూడనేలేదని చెబుతున్నాడు దాలయ్య.

"ఆ లింగోజిని నేనే" అన్నాడు లింగోజి.

అంత గొప్పవాడు ఎంత ఎత్తు ఎక్కుతాడో చూద్దామని పిల్లలు సరదాపడ్డాయి. లింగోజి కాదనలేదు. మొదటి కొమ్మ దాకా ఎక్కి, మానును వాటేసుకుని, సగం తోకతో అలాగే రొప్పుతూ కూర్చుండిపోయాడు. పిల్లలు అతన్ని చూశాయి, నక్క చేతిలో కట్టను చూశాయి. ఒక్కొక్కటే చెట్లెక్కి పోయాయి.

దాలయ్యకు ఒళ్లు మండింది. "పనీ పాటా లేదా నీకు, నా వెంట పడ్డావు?"

"ఉండేది" అన్నాడు లింగోజి. "నువ్వేగా పోగొట్టావు."

నీతి: చెడ్డ అలవాటు పట్టుకుంటే దాన్ని మానాలి గానీ, దానికి తగ్గట్టు లెక్కలు మార్చుకోకూడదు.