చప్పుడు లేని మజిలీ

ఇలియాస్‌కు కోపంగా ఉంది. వచ్చి పోయే కోపం కాదు. పొద్దున కళ్లు తెరిచేసరికి తనకంటే ముందే లేచి కూర్చుని ఉండే కోపం.

బాటసారుల కోసం అతనొక మజిలీ కట్టాడు. అందులో ఎవరూ పడుకోవడం లేదు.

గోల్కొండ నుంచి బందరు రేవుకు పోయే బాటలో, చెట్టన్నది మొలవని రాతినేల మీద బాబా సాదుల్లా ఉండేవాడు. ఆయనకున్నది ఒక పాక, నమాజు చేసుకునే అరుగు, ఎండాకాలంలోనూ ఊట తగ్గని బావి. వేసవిలో బండ్లు చీకటితోనే కదిలి, పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు ఆ బావి దగ్గరికి చేరేవి. ఎండ వాలాక మళ్లీ సాగేవి. నడుమ ఆ కాస్త మధ్యాహ్నమే వాళ్లకు విశ్రాంతి. వచ్చినవాళ్లు కాసేపు నడుం వాల్చడానికి ఏదైనా కట్టమని బాబా శిష్యుణ్ని అడిగాడు.

ఇలియాస్ ఆయన దగ్గరికి రాకముందు నగరంలో అమీర్లకు వేసవి మహళ్లు కట్టినవాడు. గోడను చూస్తే అది పగలంతా ఎంత వేడి తాగుతుందో చెప్పగలడు. అన్నీ వదిలేసి వచ్చినా ఆ విద్య మాత్రం చేతుల్లోనే ఉండిపోయింది. గురువు నోరు తెరిచి అడిగిన మొదటి పని ఇది. అందుకని ప్రాణం పెట్టి కట్టాడు.

మూరెడు కాదు, నిలువెత్తు మనిషి అడ్డంగా పడుకునేంత మందం గోడలు. లోపల గుడ్డు పెంకులా నునుపు తేలిన సున్నపు నేల. నడుమ సన్నటి నీటి కాలువ. కిటికీలకు వట్టివేళ్ల తడికలు. బయట రాళ్లు పగిలే ఎండ కాస్తున్నా లోపల కార్తీక మాసం. అన్నిటికన్నా ముఖ్యం, చప్పుడు లేదు. బాట మీద అరిచి అరిచి, గిత్తల్ని అదిలించి, సుంకం దగ్గర పోట్లాడి వచ్చే మనుషులకు కావలసింది నిశ్శబ్దమే అని అతను గట్టిగా నమ్మాడు. పశువుల గంటలు వినపడకూడదని కొట్టం తీసుకుపోయి మిట్టకు అవతల కట్టాడు. మూటలు అడ్డంగా పడి ఉంటే చూపుకు శాంతి ఉండదని వాటికి వేరే గది పెట్టి తలుపు బిగించాడు. పసిపిల్లలు ఏడిస్తే తీసుకుపోవడానికి చివర మరో గది.

బాటసారులు వచ్చేవారు. నీళ్లు తాగేవారు. తల పైకెత్తి కప్పు చూసి మెచ్చుకునేవారు. అంతలోనే ఒక్కొక్కరే లేచి బయటికి పోయి, తమ బండ్ల కింద ఆ నిప్పుల నేల మీద, ముఖాన తుండుగుడ్డ కప్పుకుని పడుకునేవారు.

మొదట్లో ఇలియాస్ వాళ్లను బతిమాలి లోపలికి పిలిచాడు. తరవాత మందలించాడు. ఒకనాడు ఉప్పు తోలుకుపోయే ఒక పెద్దాయన్ను రెక్క పట్టుకుని లోపలికి తెచ్చి పడుకోబెట్టాడు. ఆయన మర్యాదకు కాసేపు కళ్లు మూసుకుని, ఇతను అటు తిరగగానే బండి కిందికి చేరాడు. ఇలియాస్‌కు ఒళ్లు మండిపోయింది. ఎండలో మాడడం అలవాటైన ఒంటికి చల్లదనం సహించదని, వీళ్లకు మహలు కట్టినా ఒకటే గొడ్లపాక కట్టినా ఒకటేనని బాబా ముందు ఎగిరాడు. బండ్ల కింద పడుకునేవాళ్లకు బావి నీళ్లు ఇవ్వకూడదని కట్టడి పెడితే గాని బుద్ధి రాదన్నాడు.

బాబా అప్పుడు చింతపండు గింజలు తీస్తున్నాడు. అంతా విని, "నీళ్ల సంగతి నాకు వదిలెయ్" అన్నాడు.

నాంచారమ్మ వచ్చింది ఆ తరవాతే.

ఆమె సాలె ఇంటి మనిషి. మొగుడు పోయాడు. ఊళ్లో వానలు లేక నూలు అమ్మేవాళ్లు, నేసినది కొనేవాళ్లు ఇద్దరూ లేకుండా పోతే, బందరులో అద్దకం పనిచేసే అన్న దగ్గరికి బయలుదేరింది. గాడిద మీద విప్పి కట్టిన మగ్గం, చంకన నాలుగేళ్ల కూతురు సీతాలు. ఆ మగ్గం తప్ప ఈ లోకంలో ఆమెకు మరో ఆధారం లేదు. బాటలో దొంగల భయం. కన్ను మూసి ఎన్ని రాత్రులైందో ఆమెకే తెలియదు.

ఇలియాస్ ఆమెను ఆదరంగానే పిలిచాడు. గాడిదను మిట్ట అవతలికి పంపించాడు. మగ్గం చెక్కలను మూటల గదిలో పెట్టించి తలుపు వేయించాడు. కాళ్లు కడుక్కుని లోపలికి పోయి హాయిగా పడుకోమన్నాడు.

ఆమె పడుకుంది. పడుకున్నంతసేపు పట్టలేదు, లేచి వెళ్లి మూటల గది తలుపు లాగి చూసి వచ్చింది. మళ్లీ ఒరిగింది. ఈసారి గాడిదను చూడడానికి మిట్ట దాకా పోయింది. వెనక పిల్ల ఏడుపు అందుకుంది. అప్పటికి లోపల కునుకు తీస్తున్నది ఒక్క వర్తకుడు. ఆయన కూడా లేచి విసుక్కున్నాడు.

ఇన్నాళ్లకు ఒక్కడు నిద్రపోతే వాణ్నీ లేపేసిందని ఇలియాస్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. కదలకుండా పడుకుంటే పడుకోమని, లేదంటే పిల్లను తీసుకుని చివరి గదిలోకి పొమ్మని అన్నాడు. అక్కడినుంచి మూటల గది అసలే కనపడదని ఆమె అంది. కనపడవలసిన పని లేదని, ఇక్కడ ఎవరూ దొంగలు కారని అతను గొంతు పెంచాడు.

నాంచారమ్మ పిల్లను చంకనెత్తుకుని గుమ్మంలో నిలబడింది.

"సాయిబూ, నా మగ్గం ఒక దిక్కున పెట్టావు. నా గాడిదను ఒక దిక్కున కట్టావు. ఇప్పుడు నా బిడ్డను ఇంకో దిక్కుకు పొమ్మంటున్నావు. ఇక్కడ పండుకోవాల్సింది ఎవరు? నీ గోడలా?"

అతను ఆమెను ఆపలేదు. ఆపవలసింది. బయట గాలి కూడా కదలని ఎండ. ఆమె తన మూట తాను మోసుకుపోయి, గాడిద మీద కట్టుకుని, బందరు బాట పట్టింది. గుమ్మంలో నిలబడి ఆమె పోవడం చూస్తూ, తన తప్పేమీ లేదని అతను తనకు తాను చెప్పుకున్నాడు. ఉండమంటే ఉండలేదు, అంతే కదా అనుకున్నాడు.

పక్క ఊళ్లో ఎవరినో పలకరించి తిరిగి వస్తున్న బాబాకు ఆమె దారిలో కనిపించింది. ముళ్లకంప నీడన కూలబడి, ఒళ్లో పిల్లను కుదుపుతోంది. పిల్ల ఏడవడం మానేసింది. ఒళ్లు పెనంలా కాలుతోంది, కళ్లు తేలేసింది. బాబా తన తలపాగా విప్పి పిల్లకు కప్పి, ఆ వయసులో ఆ ఎండలో ఎత్తుకుని పాక దాకా నడిచి వచ్చాడు.

ఇలియాస్ వాళ్లను చూసి నిలబడిపోయాడు. గురువు ఏదో ఒకటి అంటాడని ఎదురు చూశాడు. అంటే జవాబు చెప్పడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు. బాబా అతని ముఖం కూడా చూడలేదు. తడిగుడ్డలు పిండుతూ, హకీం దగ్గరనుంచి వడదెబ్బ మందు తెమ్మన్నాడు. అంతే.

హకీం ఉండేది గుట్ట దిగువ ఊళ్లో. ఇలియాస్ నడిచాడు. బాట పొడుగునా నాంచారమ్మ మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు. మొండిమనిషి, పిల్ల ప్రాణం కంటే చెక్కముక్కలు ఎక్కువైపోయాయి అనుకున్నాడు. కానీ చెప్పుల్లోంచి నేల కాలుతోంటే, ఇదే నేల మీద ఆమె పిల్లను ఎత్తుకుని నడిచిన సంగతి గుర్తొచ్చి ఆ కోపం సగంలోనే ఆగిపోయేది. తిరుగు ప్రయాణంలో నడక కాస్తా పరుగైంది. నాలుక పిడచకట్టింది. మందు పొట్లం చెమటకు తడవకుండా చేత్తో పైకెత్తి పట్టుకుని వచ్చాడు.

బాబా మజిలీ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చెయ్యి చాచి పొట్లం అందుకున్నాడు.

"బాగా అలిసిపోయావు. లోపలికి పోయి పడుకో."

"పిల్లకు ఎలా ఉంది హజ్రత్?"

"పడుకో. నేను పిలిచేదాకా రాకు."

తలుపు దగ్గరికి వేసి ఆయన వెళ్లిపోయాడు.

గురువు మాట. ఇలియాస్ కాళ్లు కడుక్కుని, తాను కట్టిన నేల మీద తాను కట్టిన కాలువ పక్కన వెల్లకిలా పడుకున్నాడు. మంచు తాకినట్టు ఉంది. వట్టివేళ్ల వాసన వస్తోంది. ఒంట్లో ప్రతి ఎముకా నిద్రకు మొరపెట్టుకుంటోంది.

చెవి మాత్రం పాక వైపు సాగింది.

ఏమీ వినపడలేదు. పిల్ల ఏడిస్తే బాగుండును అనుకున్నాడు. ఏడుపు లేదు. తల్లి ఏడుస్తోందా? అదీ లేదు. పక్కకు తిరిగి గోడకు చెవి ఆనించాడు. అంత మందం రాయి, అంత సున్నం. దగ్గరుండి మేస్త్రీల చేత సందు సందూ పూడిపించింది తనే. లేచి కిటికీ దగ్గరికి పోయాడు. పాక కనపడలేదు. బాట కనిపిస్తే మనసు చెదురుతుందని కిటికీలన్నీ పైకి ఆకాశం కనపడేలా పెట్టాడు. ఆకాశం నిర్మలంగా ఉంది.

వచ్చి పడుకున్నాడు. మందు లోపలికి దిగిందా? కక్కేసిందా? మనుషులు ఎవరైనా గుమిగూడారా? గుమిగూడితే ఎందుకు? ఎవరైనా పరుగెత్తుతుంటే ఆ అడుగులైనా వినపడవా? కాలువలో నీళ్లు కూడా చప్పుడు చెయ్యడం లేదు. చెయ్యకూడదనే దాని వాలు అంత సన్నగా పెట్టాడు.

బాబా మీద కోపం వచ్చింది. జీవితంలో మొదటిసారి. ఏమైందో చెప్పకుండా మనిషిని ఇలా పారేసి పోతారా? నేనేమన్నా రాయినా? ఇది శిక్ష అయితే ఎదురుగా నిలబెట్టి నాలుగు తిట్టొచ్చు కదా?

ఎంతసేపు ఓర్చుకున్నాడో తెలియదు. ఒక్కసారిగా లేచి తలుపు తోసుకుని, చెప్పులు లేకుండానే పాకకు పరుగెత్తాడు. పిలిచేదాకా రావద్దన్న గురువు మాట దాటాడు.

బాబా పాక ముందర కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుతున్నాడు.

"మీకు దయ లేదు హజ్రత్" అన్నాడు ఇలియాస్. "ఆ బిడ్డ ఉందో పోయిందో తెలియకుండా నన్ను అక్కడ పడేశారు. అలాంటి చోట మనిషన్నవాడు ఎలా పడుకుంటాడు?"

బాబా తల ఎత్తాడు.

"ఏం నాయనా, చల్లగా లేదా?"

ఉప్పుబండి పెద్దాయన మర్యాదకు కళ్లు మూసుకుని పడుకున్న తీరు ఎందుకో ఇలియాస్ కళ్ల ముందు కదిలింది. అతను తల దించుకున్నాడు. దించుకున్నాక గాని, బాబా ఎవరికి విసురుతున్నాడో అతనికి కనపడలేదు.

పాక చూరు కింద, చెంబులు తోమే చోట, వట్టి మట్టి నేల మీద నాంచారమ్మ పడుకుని ఉంది. పక్కన సీతాలు. పిల్ల నుదుటి మీద చెమట పట్టింది, ఊపిరి నెమ్మదిగా ఆడుతోంది. తల్లి ఒక చెయ్యి పిల్ల పాదం మీద ఉంది. తల కింద మగ్గం చెక్కల మూట. గాడిద పలుపు రెండో చేతి మణికట్టుకు చుట్టి ఉంది. గాడిద ఆమె తలకు దగ్గరగా నిలబడి గడ్డి నములుతోంది. బావి దగ్గర గిరక కీచుమంటోంది. బండివాళ్లెవరో గట్టిగా నవ్వుకుంటున్నారు. ఈగలు ముసురుతున్నాయి.

ఆమె గురక పెట్టి నిద్రపోతోంది.

ఇలియాస్ అలాగే చూస్తూ నిలబడ్డాడు. నగరంలో అమీర్ల మహళ్లలో, పట్టు పరుపుల మీద కూడా అంత నిద్ర అతను ఎప్పుడూ చూడలేదు. ఆమెకూ పిల్లకూ నడుమ జానెడు. తలకూ మూటకూ నడుమ ఏమీ లేదు. గాడిద తల తిప్పితే దాని ఊపిరి ఆమె జుట్టుకు తగులుతోంది.

బాట మీదినుంచి బండి ఒకటి వచ్చి ఆగింది. దిగినవాళ్లు నీళ్ల కోసం తిన్నగా అటే నడిచి రాబోయారు. ఇలియాస్ చెయ్యి అడ్డం పెట్టి, సైగతోనే వాళ్లను చుట్టూ తిరిగి పొమ్మన్నాడు.

బాబా విసనకర్ర అతని చేతికిచ్చి, మోకాళ్ల మీద చేతులాన్చి మెల్లగా లేచాడు.

"కట్టు నాయనా" అన్నాడు. "వీళ్ల చుట్టూ కట్టు."