వెంపలి పందెం

అడిగినదానికి నేరుగా జవాబు చెప్పడం నాగలింగయ్యగారి జాతకంలోనే లేదు. "ఈ పూట వాన వస్తుందా గురువుగారూ?" అంటే, "ఆరేసిన బట్టలు ఎవరివమ్మా?" అనేవారు. అలాంటి మనిషిని ఆయన మొదటి శిష్యురాలు వకుళ ఒకనాడు సూటిగా నిలదీసింది.

కార్తికం వెళ్ళగానే బడి వదిలి నల్లదిబ్బ అనే ఊరికి పోతానని ఆయన చెప్పారు మరి. పన్నెండేళ్ళ క్రితం ఒట్టి పలుగురాళ్ళ నేల మీద ఆయనా వకుళా ఇద్దరే మొదలుపెట్టిన బడి అది. ఇప్పుడు బావిలో నీళ్ళున్నాయి, తోటలో కూరగాయలున్నాయి, అరవై మంది చదువుకుంటున్నారు. నల్లదిబ్బలో ఏముంది? రాళ్ళూ, అక్షరం ముక్క రాని జనమూ.

"మావల్ల ఏం తప్పు జరిగిందండీ? అన్నీ కుదిరిన చోటు వదిలి ఎందుకు వెళ్తున్నారు?" అంది. ఆయన లేని బడిని ఆమె ఊహించుకోలేకపోతోంది.

నాగలింగయ్యగారు చేతిసంచిలోంచి గుప్పెడు వెంపలి గింజలు తీసి ఆమె దోసిట్లో పోశారు. "ఈ ఆవరణలో పది వెంపలి మొక్కలు పూయించి చూపించు. ఉండిపోతాను."

వకుళ లోలోపల నవ్వుకుంది. వెంపలి! దారిపక్కన ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా మొలిచే ఊదాపూల మొక్క. వాళ్ళు వచ్చిన కొత్తలో ఈ నేలంతా అదే. ఈమధ్య ఎందుకో కనిపించడం మానేసిందిగానీ, దాన్ని పెంచడం కూడా ఒక పనేనా?

తొలకరికి తోటలోకెల్లా మంచి మడి ఎంచుకుని, మాగిన పశువుల ఎరువు వేసి, గింజలు చల్లింది. పదిహేను రోజులైనా ఒక్కటీ మొలవలేదు. తవ్వి చూస్తే వేసినవి వేసినట్టే ఉన్నాయి. మేకలు కాసే గంగులమ్మ అటుగా వస్తూ చూసి ముక్కున వేలేసుకుంది. "దాని తోలు మొండిది తల్లీ. గరుకు ఇసకలో వేసి బాగా నలుపు. ఓ రాత్రి నానబెట్టు. అప్పుడు ఎయ్యి."

ఈసారి మొలకలు వచ్చాయి. వకుళ సంబరం పట్టలేక రెండు పూటలా నీళ్ళు పోసింది. మొక్కలు తలెత్తేలోపే గరికా తోటకూరా వాటి నెత్తికెక్కాయి. పీకినకొద్దీ కలుపు వస్తూనే ఉంది. తడికి కొన్నిటి వేళ్ళు కుళ్ళాయి. మిగిలినవాటిని పెళ్ళగించి పక్క మడిలోకి మారిస్తే, నిలువు వేరు తెగి సాయంత్రానికే వాడిపోయాయి. ఆ రోజు వకుళ అన్నం ముట్టలేదు. ఏడ్చింది కూడా, ఎవరికీ చెప్పలేదుగానీ.

చేతిలో ఇంకా పదిహేను గింజలున్నాయి. కలుపు బాధ లేని చోటు ఆవరణలో ఒక్కటే మిగిలింది. అది బావి తవ్వినప్పుడు వెనకవైపు ఎత్తిపోసిన రాళ్ళగుట్ట. నలిపి నానబెట్టిన గింజలను ఆ రాళ్ళ సందుల్లో వేలితో గుచ్చి, దేవుడి మీద భారం వేసి వదిలేసింది. ఎరువు లేదు, పడిన వాన తప్ప వేరే నీళ్ళు లేవు.

కార్తికంలో పన్నెండు మొక్కలు ఊదారంగు పూలు పూశాయి.

వకుళ ఒక్క పరుగున వెళ్ళి, చెయ్యి పట్టి లాగినంత పని చేసి గురువుగారిని తీసుకొచ్చింది. "పది అన్నారు, పన్నెండు! ఇక మీరు ఎక్కడికీ కదలడానికి వీల్లేదు."

ఆయన గుట్ట చుట్టూ తిరిగి, వంగి ఒక్కో మొక్కనూ తీరిగ్గా చూశారు. "భేష్. తోటలో అంత మంచి మడి ఉండగా ఇక్కడ వేశావేమమ్మా?"

"అక్కడ బతకవండీ. అక్కడ ఇప్పుడు అన్నీ..." అంటూనే వకుళ ఆగిపోయింది. పచ్చటి తోట వైపు చూసింది. అరుగు మీద చిన్నవాళ్ళకు పాఠం చెబుతున్న పెద్దపిల్లల వైపు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పందెం నువ్వే గెలిచావు తల్లీ. ఉంటాను," అన్నారు నాగలింగయ్యగారు. "ఎక్కడ ఉండమంటావో నువ్వే చెప్పు."